బీమా ఉన్నా మన చేతినుంచి పోయే సొమ్ము
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



రైల్వే గుమాస్తాను, నాకు తెలిసినది లెక్కే. మా పెదనాన్నగారికి ఆరోగ్య బీమా ఉన్నది. ఆసుపత్రి బిల్లు 80,000 రూపాయలు. చేతితొడుగులు, దూది వంటివి చెల్లవని 4,000 కొట్టివేసినారు. మిగిలిన 76,000లో నూటికి 20 వంతులు రోగియే భరించవలెనని పత్రంలో ఉన్నదట, అది 15,200. వెరసి 19,200. పెద్దమ్మ గాజులు తాకట్టుకు పోయినవి. చిన్న అక్షరాల ఇంగ్లీషు పత్రమును ముందే చదివించుకొనకపోవుట మా తప్పే.

70 ఏండ్లు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేక, కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యమును ఆయుష్మాన్ భారత్ 2024 అక్టోబరులో చేర్చినది. అయితే నెలనెలా ఇంట్లో మింగే చక్కెరజబ్బు మాత్రల ఖర్చు అందులో రాదు.

మీ పెద్దల బీమా పత్రాలు తీసుకొని రండి. భోజనాలయిన తరువాత ఈ బల్ల దగ్గరే ఉంటాను.