ఆషాఢపు గాలి, నడివయసు గాలిపటములు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



అంగడి నడుపుకొను మేము గాలిపటములను గూర్చి ప్రసంగింప నిలువబడుట కొందరికి వింతగా తోచవచ్చును. పన్నుల లెక్కలు, బడులలో తెలుగు ఉపాధ్యాయుల కొరత, కల్యాణమండప మరమ్మతులు – ఈ వేదికనుండి వాడుకగా వినవచ్చు విషయములివి. అయినను నలువది దాటిన మేము కొందరము రెండేండ్లుగా ఆషాఢమాసపు ఆదివారములందు మరల పటములెగురవేయుచున్న సంగతి ఊరెల్ల ఎరిగినదే. వెనుక నవ్వుకొనువారును కలరు. కావున ఆ ముచ్చట మా నోటనే వినుట మేలు.

ఆంధ్ర తెలంగాణములందలి మన చుట్టములు సంక్రాంతికి పటములెగురవేయుదురు. హైదరాబాదున ఆనాడు మేడల మీద నిలుచుటకు చోటుండదు. అహమ్మదాబాదున 1989 మొదలుకొని అంతర్జాతీయ ఉత్సవమే నడచుచున్నది. మన సీమ తీరు వేరు. నైరృతి ఋతుపవనము తన వానలో పెద్దపాలు పడమటి కనుమల కొసగి, గాలిని మాత్రము మన పీఠభూమికి పంపును. అందుచేతనే దొడ్డబళ్లాపురము మొదలగు కన్నడ సీమలందును పటముల పండుగ ఆషాఢముననే. ఆడి గాలికి అమ్మిరాయియు ఎగురునని మన తమిళ సోదరులు సామెత చెప్పుదురు. హోసూరు సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది గనుక ఇచ్చట గాలి నిలుకడగా వీచును. శూలగిరి దాటి కృష్ణగిరికి దిగినచో కొండల చాటున అది కుదుపులు కుదుపులుగా వచ్చును. అచ్చటి మిత్రులు పటమును నిందింపక కొండకు దూరముగ జరిగి చూడవలెను.

మేము బాల్యమున ఎగురవేసినవి వెదురుపుల్లల కాగితపు పటములు. మరల మొదలిడినప్పుడును అవియే చేసితిమి. మా బంధువుల బాలుడొకడు న్యూజీలాండునుండి వచ్చుచు రెండు త్రాళ్ల గుడ్డపటమొకటి తెచ్చినప్పుడు వ్యవహారము మారినది. దానికి పుల్లలే లేవు. గుడ్డ అరలలో గాలి నిండగా అదియే రెక్క ఆకారము దాల్చును. ఈ విధమైన పటమును 1960 ప్రాంతపు సంవత్సరములలో అమెరికాలో డోమినా జాల్బర్టు అనునాయన రూపొందించెను. ఇంగ్లండున బ్రిస్టలు నగర ఉపాధ్యాయుడు జార్జి పోకాక్ 1826లోనే పటములు లాగెడి బండికి హక్కుపత్రము పొందెను. గుఱ్ఱము లేని బండి గనుక సుంకము వసూలుచేయువారికి ఏమి చేయవలెనో తోచి ఉండదు! శామ్యూలు కోడీ అనునాయన 1903లో పటము లాగిన పడవపై ఇంగ్లీషు కాలువను దాటెను.

ఇట్టి పటము చూచుటకు మాత్రమే కాదు. అది మనిషిని లాగును. కుడి త్రాడు లాగిన కుడికి, ఎడమది లాగిన ఎడమకు మరలును. తలపైన నిలిపినప్పుడు శాంతముగ ఉండును. గాలి పోవు దిక్కున మనకెదురుగ క్రిందికి దింపితిమా, ఒక్కసారిగ ఈడ్చును. గాలి వేగము రెండింతలైన లాగుడు నాలుగింతలగును. చక్రవడ్డీకన్న త్వరగా పెరుగు లెక్క ఇది. కావుననే క్రొత్తవారు చిన్నపటముతో, మెత్తని గాలిలో మొదలిడవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనుట ఎన్నటికిని తగదు. పిడిని పట్టుకొనవలెను, పట్టు తప్పునట్లున్న వదలివేయవలెను. పటము పోయిన మరల కొనవచ్చును.

ఇక త్రాటి సంగతి. దీనియందే మాకు దీర్ఘమైన చర్చ జరిగినది. మాంజా కంఠములను కోసిన వార్తలు మీరందరు చదివినవే. పక్షుల సంగతి చెప్పనక్కరలేదు. జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతటను నైలాను మాంజాను, అట్టి కృత్రిమ దారములను నిషేధించినది. 2023లో తమిళనాడు ప్రభుత్వమును నిషేధపుటుత్తరువు వెలువరించినది. న్యూజీలాండు పటముతో వచ్చిన త్రాడు గాజుపొడి లేనిదే. కాని అది కృత్రిమ దారము. గాజు లేదు గనుక మనకు వర్తింపదని కొందరు వాదించిరి. ఉత్తరువును మన అనుకూలమునకు తగినట్లు చదువుకొనుట వర్తకులకు అలవాటైన విద్యయే గాని, పిల్లలయెదుట అది పనికిరాదని మా అభిప్రాయము. ఆ త్రాటిని చుట్టి పెట్టెలో వేసితిమి. మూడు పేటల నూలు త్రాడు కట్టితిమి. నూలు సాగును గనుక పటము కొంచెము ఆలస్యముగ మాట వినును. గాలి ముదిరిన త్రాడు చాలదు, ఆనాడు దింపి ఇంటికి పోవలెను. ఆ మాత్రము నష్టమునకు ఒప్పుకొంటిమి.

స్థలము గూర్చియు ఒక మాట. 1934 నాటి విమాన చట్టము విమానమను మాటలో గాలిపటమును సైతము చేర్చినది! ఆ చట్టమునకు బదులుగ 2025 జనవరి 1న భారతీయ వాయుయాన అధినియమము వచ్చినది. నవ్వులాటకు చెప్పుట లేదు. మనకు బెళగొండపల్లి దగ్గర విమానములు దిగు స్థలము కలదు. ఆ దిక్కునకు పటములతో పోరాదు. రైలుమార్గము పైని విద్యుత్తీగలు, పొలముల మీది తీగలు – వీని దాపునకును పోరాదు. తడిసిన నూలులో విద్యుత్తు ప్రవహించును. తీగపై చిక్కిన పటమును కర్రతో లాగుటకన్న అవివేకము లేదు. బాగలూరు వైపున రాగి చల్లని బీళ్లు ఈ ఋతువున ఇంకను కొన్ని ఉండును. రైతునడిగియే అడుగు పెట్టవలెను. మొలక వచ్చినచో వెనుకకు మరలవలెను.

“పెద్దమనుషులకు ఈ పిల్లచేష్టలేల?” అని మా పెద్దలొకరు అడిగిరి. వారియందు మాకు గౌరవము మెండు. వారికి చెప్పిన సమాధానమునే ఇచ్చటను చెప్పుదుము. 2006లో తమిళ అధ్యయన చట్టము వచ్చిన తరువాత బడిలో మన భాషకు చోటు కుంచించినది. దానికై విన్నపములు వ్రాయుచునే ఉన్నాము, వ్రాయుదుము. కాని ఇంటిలో మనమేమి చేయుచున్నాము? పదేండ్ల పిల్లలు మాతో బీటికి వచ్చినప్పుడు వారికి గాలి అను మాటయొక్కటే తెలియును. ఈదురుగాలి, పైరగాలి, సుడిగాలి – ఇవి వేరువేరని వారికెవరును చెప్పలేదు. తోక, సూత్రము, బిగువు, వదులు, గిరికీ – ఈ మాటలను రెండు ఆదివారములలో నేర్చిరి. ఎవరును పలకపై వ్రాసి చూపలేదు. “మామా, వదులియ్యి, వదులియ్యి!” అని పిల్లవాడు అరచునప్పుడు ఆ మాట తమిళమున గాని ఇంగ్లీషున గాని ఏమనవలెనని వాడు వెదకికొనడు. మన ప్రక్కయింటి తమిళ, కన్నడ పిల్లలును వచ్చి గిరికీ అనుట నేర్చిపోయిరి. వారి మాటలు మనవారికిని వచ్చినవి. మంచిదే.

మాకు శరీరమునకును మేలు కలిగినది. పగలెల్ల గల్లాపెట్టెయొద్ద వంగి కూర్చున్న మెడ ఆదివారమునాడు ఆకాశమువైపు ఎత్తబడును. మొదటి దినమున భుజములు రెండును పీకినవి. ఆ పీకుడును సుఖముగనే ఉండినది.

సంఘనిధినుండి దీనికి ఒక్క కాసైనను కోరము. రానున్న ఆషాఢమున ప్రతి ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు రామనాయకన్ చెరువు కట్టవద్ద కూడి బీటికి పోవుదుము. ఆడపిల్లలను ఇంట నిలిపి మగపిల్లలను మాత్రమే పంపవలదు. క్రిందటి ఏడు సూత్రము చక్కగ కట్టినవారిలో వారే ముందుండిరి. కాగితము, వెదురుపుల్లలు, అన్నపు జిగురు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. నూలు త్రాడు మా అంగడిలో కొన్నధరకే ఇచ్చెదము. ఉరుము వినబడినచో ఆనాటికి ఆట లేదు.