చలికాలపు అతిథులు – మన చెరువులు
(ప్రసంగ పాఠము)



కార్తీకమాసము వచ్చుసరికి మన చెరువులలో అడవిబాతులు వాలుట మీరెల్లరు నెరిగినదే. సూదితోక బాతు, పారవంటి వెడల్పు ముక్కు గల బాతు మొదలైనవి సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతముల నుండి వేల మైళ్లు ఎగిరి వచ్చి, మార్చి నాటికి తిరుగుదారి పట్టును. వానిని చూచుటకును, ఫోటోలు తీయుటకును కుతూహలముతో వచ్చువారు పలువురు గలరు. ఈ విషయమున పంచాయతీలు చేయదగిన పనులను నేడు మనవి చేయదలచితిమి.

ముందుగా బాతు స్వభావమును తెలిసికొందము. దాని కన్నులు తలకు ఇరువైపుల నుండును. కనుక తల త్రిప్పకయే చుట్టునంతయు దాదాపుగా చూడగలదు. వెనుక నుండి పొంచిపోవుట వ్యర్థము. నిద్రలో సైతము అది ఏమరదు. మంద అంచున నిద్రించు బాతు వెలుపలి వైపు కన్ను తెరచియే యుంచునని 1999లో ప్రచురితమైన పరిశోధన తెలుపుచున్నది. పెక్కు జాతులు రాత్రివేళ మేసి, పగలు నీటిపై విశ్రమించును. కావున పడవపై తరిమి, మందను లేపి ఫోటో తీయుట మనకు వినోదమే గాని, బాతుకు నష్టము. విశ్రాంతి చెడును, తిరుగు ప్రయాణమునకై కూడబెట్టుకొన్న క్రొవ్వు వృథాగా కరగును. మాటిమాటికి బెదరగొట్టినచో అవి ఆ చెరువునే విడిచిపోవును.

అట్లయిన ఫోటో తీయుట ఎట్లు? బాతును మనము వెంబడింపరాదు. అదియే మన దగ్గరకు రావలెను. తూర్పుగట్టున తాటాకులతోనో, వెదురు తడికలతోనో చిన్న చాటు కట్టి, తెల్లవారకముందే అందు కూర్చొనవలెను. అప్పుడు ఉదయపు టెండ వీపువైపున నుండి బాతులపై పడును. దూరపు లెన్సు గల కెమెరాను నీటిమట్టమునకు దగ్గరగా నిలిపి, బాతు కన్ను స్పష్టముగా పడునట్లు చూచుకొనవలెను. ఎగురు బాతునకు సెకనులో వెయ్యవ వంతు షట్టరు వేగము మేలు. మంద దూరముగా జరిగిన పిదపనే చాటు నుండి వెలికి రావలెను. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. అట్టి చోట్ల అటవీశాఖ అనుమతి పొందవలెను.

ఊరి చెరువు చిన్నదని నిరుత్సాహపడనక్కరలేదు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువు చిన్నదే. గ్రామస్థుల ఆదరణ వలన అచ్చట గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు నిర్భయముగా గూళ్లు కట్టుచున్నవి.

పంచాయతీలు చేయదగినవి ఇవి: చేపల పాట పాడుకొన్నవారితో కూర్చొని, వారి జీవనమునకు భంగము లేకుండ, చెరువులో ఒక మూలను చలికాలమంతయు విడిచిపెట్టునట్లు ఒప్పించవలెను. ఆ మూలనున్న తుంగను, జమ్మును కోయరాదు. బాణసంచాను, డ్రోనులను చెరువు దరికి రానీయరాదు. ఉచ్చులు, వలలు, విషపు గింజలతో బాతులను పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరమని దండోరా వేయించవలెను. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఆ సమయమున బడిపిల్లలచే బాతులను లెక్కింపించి, పుస్తకమున వ్రాయించినచో వారికి చదువును, ఊరికి ఒక రికార్డును లభించును.

ఖర్చు స్వల్పము, కావలసినది కట్టుబాటు. కార్తీకమునకు ముందే మీ సమావేశమున ఈ విషయమును చర్చించి, తగు తీర్మానము చేయ ప్రార్థించుచున్నాము.