ఎనిమిదో తరగతి సైన్సులో మన బిడ్డలు ఏం నేర్చుకోవాలి?

(తల్లిదండ్రులు, విద్యార్థులు, కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా కూలికి పోయి, వచ్చి వంట చేసి, ఇంత రాత్రి మీరు ఇక్కడికి వచ్చారు. అందుకే ఉపన్యాసం దంచకుండా సూటిగా మాట్లాడుకుందాం.

మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. మా నాయినలకు వేలిముద్ర తప్ప సంతకం రాదు. ఇవాళ మేము బడుల్లో సైన్సు చెబుతున్నాం. పదో తరగతి పాసైన పిల్లల్ని ‘ఇంటర్‌లో ఏం తీసుకుంటావురా’ అని అడిగితే, మన వాడల పిల్లలు చాలామంది ‘సీఈసీ సార్’ అంటారు. ఎందుకు అంటే ‘సైన్సు మనకు రాదు సార్’ అంటారు. సీఈసీ చదవడం తప్పు కాదు. ఇష్టపడి తీసుకుంటే మంచిదే. కానీ వీళ్ళు భయపడి తీసుకుంటున్నారు. ఆ భయం పదిలో పుట్టింది కాదు, ఎనిమిదిలో పుట్టింది. ఏడు దాకా ఒకటే పుస్తకంగా ఉన్న సైన్సు ఎనిమిదిలో రెండు పుస్తకాలవుతుంది. కొత్త బడి, కొత్త సార్లు, నోరు తిరగని మాటలు. ఇంకో సంగతి చూడండి. 2009 విద్యాహక్కు చట్టం అండ ఎనిమిదో తరగతి దాకానే. ఆ తర్వాత కాలు జారితే పట్టుకునే చట్టం కూడా లేదు.

మరి ఆ ఏడాది మన బిడ్డ ఏం నేర్చుకోవాలి? మాకు తోచినవి ఆరు సంగతులు చెబుతాం.

మొదటిది, ‘ఎట్లా తెలుసు?’ అని అడగడం.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా పుకారు లేచింది. అప్పుడు మేము హైస్కూల్లో ఉన్నాం. ఊరు ఊరంతా చెంబులు పట్టుకుని గుడి ముందు బారులు తీరింది. మాకు సైన్సు చెప్పే సారు కూడా ఆ బారులో ఉన్నారు. వాడ పిల్లలం మేము దూరంగా నిలబడి చూశాం. దగ్గరికి పోయి చూసే హక్కు మాకు లేదు. ఆ హక్కు ఉన్నవాళ్ళకు చూడాలన్న కోరిక లేదు. జరిగింది ఇంతే. చెంచా అంచున పాలు పొంగి రాతికి తగలగానే, తలతన్యత వల్ల రాతి మీదికి లాగబడి, పలచటి పొరగా కిందికి కారిపోయాయి. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి ఆ సంగతి అందరికీ చూపించారు. ఒక చెంచా, ఒక రాయి, కాసింత రంగు ఉంటే చాలు, ఇది మన పిల్లలు కూడా చేయగలరు. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం 51-ఎలో రాసి ఉంది. 1976 నుంచీ ఉంది. దాన్ని అడగడం ఎదురు మాట్లాడటం కాదు.

రెండోది, నీళ్ళు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అంటరానివాళ్ళు తాకితే చెరువు మైలపడిందని అక్కడి అగ్రకులాలవాళ్ళు ఏం చేశారు? పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండల నీళ్ళు చెరువులో పోసి ‘శుద్ధి’ చేశారు. సూక్ష్మజీవుల పాఠం చదివిన ఎనిమిదో తరగతి పిల్లను అడగండి. దోసిలి పెడితే నీళ్ళు చెడ్డాయా, పేడ పోస్తే చెడ్డాయా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్ళను పాడు చేయొద్దని అడిగిన దగ్గర మొదలైన గొడవ అది. ఆ అడిగిన మాట ఆత్మగౌరవం మాట. అది సైన్సు మాట కూడా.

నల్గొండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు. అద్దంలా తేటగా ఉన్న బోరు నీళ్ళే మన పెద్దల నడుములు వంచాయి. నీళ్ళు మరగబెడితే క్రిములు చస్తాయి, కానీ ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ‘కాచి తాగితే అన్నీ పోతాయి’ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాము మించితే ప్రమాదం. 2016 తర్వాత చాలా ఊళ్ళకు నది నీళ్ళు వచ్చాయి, మంచిదే. అయినా నల్లా రాని రోజు ఏ బోరు నీళ్ళు తాగుతున్నామో బిడ్డకు తెలియాలి. ఒకసారి వంగిన ఎముక మళ్ళీ నిటారు కాదు.

మూడోది, మన ఇంట్లో ఉన్న సైన్సును గుర్తుపట్టడం.

ధ్వని పాఠంలో వీణ బొమ్మ వేస్తారు, తబలా బొమ్మ వేస్తారు. డప్పు ఎక్కడ పోయింది? డప్పు కొట్టే ముందు మంటకు కాగబెడతారు. ఎందుకు? తోలు గాలిలోని చెమ్మ పీల్చుకుని వదులవుతుంది. వేడికి చెమ్మ పోయి తోలు బిగుస్తుంది. బిగిసిన తోలు సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది, అందుకే ఖంగుమని మోగుతుంది. ఆ సెకనుకు ఎన్నిసార్లు అన్న లెక్కనే పుస్తకంలో పౌనఃపున్యం అన్నారు. మాట వింటే పిల్లవాడు భయపడతాడు. డప్పు చూపిస్తే తనే నలుగురికి చెబుతాడు.

తోళ్ళు ఊరవేసే లంద కూడా అంతే. సున్నం నీళ్ళలో నానేస్తే వెంట్రుక ఊడుతుంది. తంగేడు చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తులతో కలిసి గట్టిపడుతుంది. ఇక దాన్ని సూక్ష్మజీవులు కుళ్ళబెట్టలేవు. ఇది రసాయన మార్పు. ఈ పని చేసినవాళ్ళను ఊరవతల పెట్టారు, ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడుక్కున్నారు. మేము మన పిల్లల్ని మళ్ళీ లంద దగ్గరికి పొమ్మనడం లేదు. కెమిస్ట్రీ మన తాతలకు రాలేదని ఎవరన్నా అంటే తల వంచుకోవద్దని చెబుతున్నాం.

నాలుగోది, ప్రాణం కాపాడుకునే సైన్సు.

సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోలులో దిగి చచ్చిపోతున్నది ఎవరో మనకు తెలుసు. ఒకడు దిగి పడిపోతాడు, వాణ్ణి తీయడానికి రెండోవాడు దిగి పడిపోతాడు. అక్కడ ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగున చేరుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ‘వాసన పోయింది, దిగొచ్చు’ అనుకున్న క్షణమే చావు. దీపం దించి చూద్దామంటే అక్కడే మీథేన్ ఉంటుంది, భగ్గుమంటుంది. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని, రక్షణ లేకుండా ట్యాంకుల్లో దించడాన్ని 2013 చట్టం నేరం అన్నది. చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు వస్తుంది, మనిషి రాడు. వాయువుల పాఠంలో ఈ మాట చెప్పకపోతే ఆ పాఠం ఎవరి కోసం?

పురుగుమందు డబ్బా సంగతీ అంతే. దాని మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం అని అర్థం, విషం లేదని కాదు. చాలా మందులు చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. గాలికి ఎదురు కొట్టొద్దు, పూడిన నాజిల్‌ను నోటితో ఊదొద్దు. ఎనిమిదో తరగతి బిడ్డ ఇంటికి వచ్చి ఆ గుర్తు చదివి తల్లికి చెప్పగలిగితే, ఆ ఏడాది చదువు సార్థకమైనట్టే.

ఐదోది, కణం, రక్తం.

ఉల్లిపొర తీసి సూక్ష్మదర్శిని కింద ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తన కళ్ళతో చూడాలి. ముందు బెంచీవాళ్ళు చూసి చెప్పడం కాదు. తర్వాత రక్తం. 1901లో లాండ్‌స్టైనర్ రక్తాన్ని గ్రూపులుగా విడదీశాడు. ఎ, బి, ఓ గ్రూపులున్నాయి, మరుసటి ఏడే ఏబీ కూడా తెలిసింది. మాల గ్రూపు లేదు, మాదిగ గ్రూపు లేదు, బ్రాహ్మణ గ్రూపు లేదు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాడు ‘ఎవరి రక్తం’ అని అడగడు. బల్ల దిగి ఊరికి వచ్చాకే అడుగుతాడు. ఈ ఒక్క పాఠం సరిగ్గా చెబితే చాలామంది పిల్లల వెన్ను నిటారవుతుంది, మనవాళ్ళకే కాదు, ఊళ్ళో పిల్లలకు కూడా.

ఆరోది, చేసి చూడటం, కొలవడం, సొంత మాటల్లో రాయడం.

గైడు చూసి బట్టీ పట్టడం సైన్సు కాదు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు మనకు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ అర్థం ముందు ఇంటి మాటలో కావాలి, ఆ తర్వాత ఇంగ్లీషు పేరు నేర్పాలి. ఫ్రిక్షన్ అనే ముందు ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు పెడతారో చెప్పించాలి. తప్పు చెప్పిన పిల్లవాణ్ణి ‘నీకు రాదు పో’ అనొద్దు. సైన్సులో తప్పు కూడా ఒక మెట్టే. తోటి ఉపాధ్యాయులకు కూడా మేము ఈ మాటే చెబుతున్నాం, ముందు మాకు మేము చెప్పుకుంటున్నాం. మేమూ కొన్నిసార్లు సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో వెనక బెంచీ వైపు చూడలేదు.

ఇదేదో కొత్త కోరిక కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞప్తిలోనే జ్యోతిరావు ఫూలే అడిగారు. శూద్రుల, అతిశూద్రుల పిల్లలకు ప్రాథమిక బడిలోనే వ్యవసాయం గురించి, పరిశుభ్రత గురించి చెప్పాలని రాశారు. అప్పుడు అడిగాం, ఇప్పుడూ అడుగుతున్నాం. ఈ మధ్యలో ఉన్నది కూడా పోతోంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేశారు. మనుషులందరిదీ ఒకే పుట్టుక అని చెప్పే పాఠం అది. తల నుంచి ఒకడు, పాదం నుంచి ఒకడు పుట్టాడన్న కథకు అదే జవాబు. దాన్ని తీసేస్తే ఎవరికి లాభమో మీరే ఆలోచించండి.

ఇప్పుడు పని. వచ్చే సంచిక మీ చేతికి వచ్చేలోగా, ఈ పదిహేను రోజుల్లో, మూడు పనులు చేద్దాం.

ఒకటి: బడికి పోయి సైన్సు సామాన్ల బీరువా ఈ ఏడాది ఎన్నిసార్లు తెరిచారో అడుగుదాం. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అడగడం మన హక్కు. కొట్లాటకు పోవొద్దు, ప్రశ్నతో పోదాం.

రెండు: మన వాడ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ లేబొరేటరీలో పరీక్ష చేయిద్దాం. పిల్లల్ని వెంట తీసుకుపోదాం. ఫలితం కాగితం వాళ్ళ చేతే అందరికీ చదివిద్దాం.

మూడు: ఆదివారం సాయంత్రం ఈ అంబేద్కర్ భవనంలోనే ఎనిమిదో తరగతి పిల్లల్ని కూర్చోబెడదాం. మేము వస్తాం. ఒక డప్పు తెండి, నాలుగు ఉల్లిగడ్డలు తెండి, ఖాళీ పురుగుమందు డబ్బా మీది కాగితం చించి తెండి. డబ్బా మాత్రం తేవొద్దు.

చిన్నప్పుడు బాబాసాహెబ్‌కు బడిలో దాహమేస్తే ప్యూను వచ్చి నల్లా తిప్పితేనే నీళ్ళు. ప్యూను రాని రోజు నీళ్ళు లేవు. ఇవాళ మన బిడ్డలకు నల్లా తిప్పే హక్కు ఉంది. ఆ నల్లాలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, వాటిలో ఏం ఉందో తెలుసుకునే హక్కు కూడా వాళ్ళదే. దాన్ని ఎనిమిదో తరగతిలోనే వాళ్ళ చేతిలో పెడదాం.

జై భీమ్.