సిగరెట్టుకు బదులు నికొటిన్ పౌచ్



దినమునకు పది సిగరెట్లు కాల్చువారిలో, మానవలెనని ఒక్కసారియైన అనుకొననివారు అరుదు. ఉగాదికి మానుదుమందురు, కార్తికమాసమున మానుదుమందురు, ఇంట మనుమడు పుట్టినప్పుడు మానుదుమని అందరి యెదుట మాట యిత్తురు. మూడవనాటికి ఆ మాట తప్పును. అది బుద్ధి లేక కాదు, శరీరము ఒప్పుకొనక. ఇట్టివారి చెవిని ఇటీవల ఒక క్రొత్త వస్తువు పేరు పడుచున్నది. పొగ లేదు, నిప్పు లేదు, ఉమ్మివేయు పని లేదు. పెదవి క్రింద చిన్న తెల్లని సంచి నొకదానిని పెట్టుకొనిన చాలును, సిగరెట్టు మీదికి మనసు పోదందురు. దానినే నికొటిన్ పౌచ్ అనుచున్నారు.

వేంపల్లెలో మేము కొందరము, పొగ త్రాగువారును త్రాగనివారును కలిసి, ఈ వస్తువు నిజముగా పనికివచ్చునా యని విచారించితిమి. వైద్యులు వ్రాసినవి చదివితిమి. చట్టమేమి చెప్పుచున్నదో చూచితిమి. మాకు తేలిన సంగతులను శ్రోతల ముందుంచుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట వస్తువేమో తెలిసికొందము. పౌచ్ అనగా చిన్న సంచి. అందులో పొగాకు ఆకు గాని పొడి గాని యుండదు. మొక్కల నారతో చేసిన తెల్లని పొడి, దానికి పట్టించిన నికొటిన్, తీపి, పుదీనా మొదలైన వాసన ద్రవ్యములు, కొంచెము క్షారము ఉండును. పై పెదవికిని చిగురుకును నడుమ దానిని పెట్టుకొని, అరగంటయో గంటయో ఉంచి, తీసి పారవేయుదురు. ఒక్కొక్క సంచిలో 3 మిల్లీగ్రాములు, 6 మిల్లీగ్రాములు నికొటిన్ ఉండుట సామాన్యము. అంతకు పెక్కురెట్లు ఘాటైనవి కూడ కొన్ని దేశములలో అమ్ముదురు.

నికొటిన్ పొగాకులోని సారము. 1828లో జర్మనీలోని హైడెల్బర్గు నగరమున పోసెల్ట్, రైమన్ అను నిరువురు దానిని పొగాకునుండి వేరుచేసిరి. మన రైతులకు దాని పదును క్రొత్త కాదు. మిరప, వంగ తోటలలో పేనుబంకకు పొగాకు కషాయము చల్లువారు, పురుగును చంపునది ఆ సారమేయని యెరుగుదురు. పొగ త్రాగువానిని కట్టివేయునదియు అదియే. పొగతో కలిసి ఊపిరితిత్తులలోనికి పోయిన నికొటిన్ ఇరువది సెకనులలోపలనే మెదడును చేరును. రెండు గంటలు గడచునప్పటికి రక్తములో సగము తరిగిపోవును. అప్పుడు చేయి మరల జేబులోనికి పోవును. దినచర్యగా కాల్చువాని జీవితమంతయు ఈ రెండు గంటల చుట్టును తిరుగుచుండును.

అయినను మనిషిని చంపునది ప్రధానముగా నికొటిన్ కాదు, పొగ. ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి. సిగరెట్టు పొగలో ఏడువేలకు పైబడిన రసాయనములు కలవని లెక్కించిరి. వానిలో డెబ్బదికి తక్కువగాక క్యాన్సరు కలిగించునవి. ఊపిరితిత్తులకు పట్టు తారు, రక్తములో ప్రాణవాయువు చోటును ఆక్రమించు కార్బన్ మోనాక్సైడు, ఇవన్నియు ఆకు కాలుటవలన పుట్టునవి. 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అను పరిశోధకులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును ప్రకటించిరి. 1964లో అమెరికా ప్రభుత్వపు సర్జన్ జనరల్ నివేదిక దానిని లోకమంతటికి చాటెను. నికొటిన్ గుండె వేగమును, రక్తపుపోటును పెంచును, అలవాటును బిగించును, కాని క్యాన్సరును తానుగా కలిగించునని ఋజువు కాలేదు. కనుక కాలుట లేని చోట హాని తగ్గుననుట నమ్మదగిన మాటయే. పౌచ్‌ను మెచ్చుకొనువారి వాదమునకు బలమిదియే. అందులో నిజము కలదని మేమును ఒప్పుకొందుము.

అయితే ఈ వాదము స్వీడన్ దేశమునుండి వచ్చినది. అచ్చట స్నూస్ అను పొగాకు పొడిని పెదవి క్రింద పెట్టుకొనుట తరతరముల అలవాటు. 1992లో ఐరోపా కూటమి స్నూస్ అమ్మకమును నిషేధించెను. 1995లో కూటమిలో చేరినప్పుడు స్వీడన్ తన మట్టుకు మినహాయింపు తీసికొనెను. అచ్చటి పురుషులలో సిగరెట్టు కాల్చువారు చాల తగ్గిరి. ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములును ఐరోపాలోకెల్ల తక్కువగా నున్నవి. పౌచ్ ఆ స్నూస్‌కు పొగాకు లేని తమ్ముడు వంటిది.

ఈ సంగతి విని, “నోటిలో పెట్టుకొనునది పొగకంటె మేలట” అని వేంపల్లె బస్టాండు దగ్గర ఎవరైన అనుకొనిరేని, వారి చేతికి మొదట అందునది స్వీడన్ స్నూస్ కాదు, పౌచ్ కూడ కాదు. బంకులో వ్రేలాడు ఖైనీ పొట్లము అందును, గుట్కా అందును. లేదా అవ్వ సంచిలోని పొగాకు కాడ అందును. ఇక్కడనే ప్రమాదము కలదు. స్వీడన్‌లో స్నూస్ ఆకును ఆవిరితో వేడిచేసి సిద్ధపరుతురు. అందువలన నైట్రోసమీన్లను క్యాన్సరు విషములు అందులో తక్కువ. మన దేశపు నమలు పొగాకులో అవి హెచ్చు. దానికి తోడు వక్క కలియును. వక్క ఒక్కటియే నోటి క్యాన్సరు కలిగించుననియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చినది. నోటి క్యాన్సరు మిక్కిలిగా నున్న దేశములలో మనది యొకటి. కావున స్వీడన్ ఉదాహరణమును చూపి సిగరెట్టు మాని ఖైనీ పట్టినవాడు, నూతిలోనుండి వెడలి గోతిలో పడినవాడగును.

ఇంకొక పోలికను గమనింపుడు. ఖైనీ నలుపువాడు అరచేతిలో సున్నమేల కలుపును? క్షారము చేరినగాని నికొటిన్ నోటి పొరగుండ రక్తములోనికి చక్కగా దిగదు. మన పెద్దలు అనుభవముచే తెలిసికొనిన ఈ కిటుకునే పౌచ్ చేయువారును వాడుచున్నారు. సున్నమునకు బదులు సోడా జాతి క్షారమును కలుపుదురు. తెల్లని సంచి, పుదీనా వాసన, అందమైన డబ్బా చూచి ఇది యేదో పిప్పరమెంటు వంటిదని భ్రమపడరాదు. నికొటిన్‌ను రక్తములోనికి దింపుటయే దాని పని.

మరి పౌచ్‌వలన సిగరెట్టు మానినవారు ఎందరు? దీనికి సమాధానము చెప్పదగినంత పరిశోధన ఇంకను జరుగలేదు. జరిగినవి కొద్ది, పెక్కు కొద్దివారములకు మించనివి, వానిలో తయారుదారులు చేయించినవియు కలవు. పౌచ్ లోకమునకు వచ్చి పది పదునైదేండ్ల కంటె ఎక్కువ కాలేదు. ఇరువది ముప్పది యేండ్లు వాడిన చిగురు ఏమగునో, గుండె ఏమగునో చూచుటకు కాలమే చాలలేదు. అందువలన దేశములు తలకొక త్రోవ పట్టినవి. 2023లో బెల్జియము వీని అమ్మకమును నిషేధించెను. 2025 జనవరిలో అమెరికా ఆహార ఔషధ శాఖ జిన్ అను పేరుగల 20 రకముల పౌచ్‌లకు అమ్మకపు అనుమతి నిచ్చెను. అనుమతి నిచ్చుచునే, ఇవి నిరపాయములని దీని అర్థము కాదనియు, పొగాకు వాడనివారు వీనిని మొదలుపెట్టరాదనియు హెచ్చరించెను.

మన దేశపు సంగతి చూతము. ఆవిరి పీల్చు ఎలక్ట్రానిక్ సిగరెట్టును 2019లో పార్లమెంటు చట్టముచే నిషేధించిరి. ఆహార పదార్థములలో పొగాకు గాని నికొటిన్ గాని కలుపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. కనుక నికొటిన్ కలిపిన వస్తువును తినుబండారముగా అమ్మ వీలులేదు. ఔషధముగా అమ్మవలెనన్న ఔషధ చట్టము క్రింద లైసెన్సు ఉండవలెను. అంగడివాడు చాటుగా తీసియిచ్చు విదేశపు డబ్బాపై అట్టి లైసెన్సు సంఖ్య లేకున్న, లోపల ఎంత నికొటిన్ కలదో పూచీపడువాడు లేడు. దానిని కొనవలదని మా సలహా.

అట్లయిన దినమునకు పదియో ఇరువదియో కాల్చు మనిషి ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను అడిగిన మా వీథి పెద్దాయనకు మేము చెప్పిన జవాబునే ఇక్కడను చెప్పెదము. పౌచ్‌వలన ఆశించు మేలును ఇచ్చు మందు ఇదివరకే కలదు. అది నికొటిన్ గమ్. దీని పుట్టుకయు స్వీడన్‌లోనే. జలాంతర్గామి నావలలో పొగ త్రాగ వీలులేని నావికులు పొగాకు నమలి తృప్తిపడుట విని, ఓవె ఫెర్నో అను శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. 1978లో స్విట్జర్లండున మొదట అమ్మకమునకు వచ్చెను. అప్పటినుండి వేలాదిమందిపై పరీక్షించిరి. గమ్, ప్లాస్టరు వంటి నికొటిన్ మందులు వాడినవారు, వాడనివారికంటె సుమారు ఒకటిన్నర రెట్లు హెచ్చుగా మానగలిగిరని తేలినది. 2 మిల్లీగ్రాముల గమ్ మన మందుల అంగళ్లలో వైద్యుని చీటీ లేకయే దొరకును. 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావలెను. నిద్ర లేచిన అరగంటలోపల మొదటి సిగరెట్టు ముట్టించువారికి సాధారణముగా 4 మిల్లీగ్రాములది అవసరమగును.

గమ్ పనిచేయలేదనువారిలో పెక్కుమంది దానిని మామూలు చూయింగ్ గమ్ వలె నమలి మ్రింగినవారే. పద్ధతి ఇది: మెల్లగా కొన్నిమార్లు నమలవలెను. నాలుకకు చురుక్కుమనగానే నమలుట ఆపి, దవడకును చిగురుకును నడుమ ఉంచవలెను. చురుకు తగ్గిన పిమ్మట మరల కొంచెము నమలవలెను. ఇట్లు అరగంట. అంతకు పావుగంట ముందునుండి కాఫీ గాని, మజ్జిగ గాని, మన తోటల చీనీరసము గాని త్రాగరాదు. పులుపు నోట నున్నచో నికొటిన్ దిగదు. సున్నపు కిటుకునకు ఇది రెండవ వైపు. పండ్రెండు వారములపాటు క్రమక్రమముగా తగ్గించుచు మానవలెను. గుండెజబ్బు గలవారు, గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు.

ఇంకొక మాట మిక్కిలి గట్టిగా చెప్పవలసియున్నది. “ఇంటిలో పౌచ్, వెలుపల సిగరెట్టు, ఇరువది కాల్చువాడను అయిదుకు దిగితిని” అని తృప్తిపడువారు కలరు. ఈ బేరము గుండె విషయమున సాగదు. దినమునకు ఒక్క సిగరెట్టు కాల్చువానికి కూడ, ఇరువది కాల్చువానికి పెరిగిన గుండెజబ్బు ప్రమాదములో దాదాపు సగము ఉండునని 2018లో ప్రకటించిన పరిశోధన చూపినది. ఇరువదింట ఒక పాలు కాదు, సగము. కాబట్టి బదులు వస్తువేదైనను, అది సిగరెట్టు పెట్టెను ఇంటినుండి పూర్తిగా వెళ్లగొట్టినప్పుడే దానివలన ప్రయోజనము. రెండును ఉన్నచో అలవాటొకటికి రెండగును, ఖర్చును రెండగును.

ఇక పొగ త్రాగని యువకుల సంగతి. మా ప్రాంతమునకు చదువుల కొరకు దూరప్రాంతములనుండి పిల్లలు వచ్చుచున్నారు; వేంపల్లె ప్రక్కనే ఇడుపులపాయలో విద్యాలయము కలదు. మా పిల్లలును కడపకు, బెంగుళూరునకు పోవుచున్నారు. పొగ వాసన తల్లికి తెలియును. పెదవి క్రింది సంచి తెలియదు. సిగరెట్టు విడుచువానికి ఇది దిగు మెట్టు కావచ్చును. ఏదియు ముట్టనివానికి ఎక్కు మెట్టగును. పసిబిడ్డలున్న ఇండ్లలో ఈ డబ్బా గాని గమ్ గాని అందుబాటులో ఉంచరాదు. మిఠాయి యనుకొని మ్రింగిన బిడ్డకు వాంతులు, వణకు, అంతకు మించిన ఆపదయు కలుగును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఆంధ్రప్రదేశములో పెద్దవారిలో ఐదింట ఒకరు ఏదో రూపమున పొగాకు వాడుచున్నారని 2016–17 నాటి జాతీయ సర్వే తెలిపినది. అనగా ఈ ప్రసంగము వినుచున్న కుటుంబములలో ఇది పరాయి విషయము కాదు. మానిన తరువాత మొదటి రెండు మూడు దినములు మిక్కిలి కష్టము. కోపము వచ్చును, నిద్ర పట్టదు, పని సాగదు. మూడు నాలుగు వారములకు ఆ బాధ తగ్గిపోవును. ఆ దినములలో ఇంటివారు దెప్పిపొడువక ఓర్చుకొనవలెను. ఒకసారి తప్పినను, “నీవింతే” అనక మరల మొదలుపెట్టించవలెను. పెక్కుమంది పలుమార్లు ప్రయత్నించిన మీదటనే మానగలిగిరి.

తోడు కావలెనన్న ప్రభుత్వమువారి ఉచిత టెలిఫోను సలహా కలదు. సంఖ్య 1800-11-2356. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ద్వారా తెలుగులో కూడ మాటాడుదురు. మానిన ఒకటి రెండు దినములకే రక్తములోని కార్బన్ మోనాక్సైడు పోవును. ఏడాది గడచునప్పటికి గుండెజబ్బు ప్రమాదము సగమునకు దిగును. పదియేండ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదమును సుమారు సగమగును.

మా విచారణలో తేలినది ఇంతే. పౌచ్ పొగకంటె తక్కువ కీడు కావచ్చును, కాని మందుగా అది ఇంకను పరీక్షకు నిలువవలసియున్నది. పరీక్షకు నిలిచిన మందు మన ఊరి మందుల అంగడిలోనే దొరకుచున్నప్పుడు, మొదట దానిని పట్టుకొనుట వివేకము. మానవలెనని తలచువారు ఒక తేదీ నిర్ణయించుకొని, ఇంటివారికి చెప్పి, ఆ నాటికి గమ్ తెచ్చి యుంచుకొని, సిగరెట్టు పెట్టెను పారవేయుదురు గాక యని కోరుచు విరమించుచున్నాము.