మన కాళ్ళను ఎవరు లెక్కబెట్టారు?

(గండికోటలో జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి భూముల మీద, కూలిరేట్ల మీద మాట్లాడుకున్నాం. నన్ను దారుల మీద మాట్లాడమన్నారు. దారి గురించి మాట్లాడేదానికి ఏముంది సారూ అని ఇందాక ఒక పెద్దాయన అడిగినాడు. ఉంది పెద్దాయనా.

మా నాయనకు ఒక పాత సైకిలు ఉండేది. వాడ నుంచి ఊరి నడివీధి మొదలయ్యే కాడికి తొక్కుకొచ్చేవాడు. అక్కడ దిగి, చెప్పులు విడిచి హ్యాండిల్‌కు తగిలించి, వీధి దాటేదాకా తోసుకుంటూ పోయేవాడు. వెనక కూర్చున్న నన్ను కూడా దింపేవాడు. "చైను ఊడింది నాయినా" అనేవాడు. రోజూ అక్కడే ఊడేది చైను. అది ఎందుకు ఊడుతుందో తెలిసేసరికి నేను ఏడో తరగతికొచ్చినా.

ఆ వీధి పంచాయతీ సొమ్ముతో వేసిందే. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పక్కనే రోడ్లు అనే మాట ఉంది. అది ఊరికే రాలేదు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి, పులయ కులస్తులు నడవకూడదన్న రోడ్డు మీద ఎద్దులబండి కట్టుకొని పోయినాడు. 1924లో వైకోం సత్యాగ్రహం గుడిలోకి పోయేదానికని చాలామంది అనుకుంటారు. కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచేదానికి. 20 నెలల పోరాటం తర్వాత 1925లో మూడు పక్కల రోడ్లు తెరిచినారు, తూర్పుది మూసే ఉంచినారు.

ఈరోజు దారి ఇచ్చేదీ ఆపేదీ చాలాచోట్ల ప్లాను కాగితమే. పట్నాల్లో కాలిబాటలు, సైకిలు దారులు ఏవి ముందు, ఏవి వెనక అని తేల్చే పద్ధతి ఒకటుంది. అది చెడ్డదేం కాదు, మనమూ నేర్చుకోవాల. ఏ దారిన ఎంతమంది నడుస్తున్నారో లెక్క తీస్తారు. బడి, ఆసుపత్రి, బస్టాండు, సంత ఎక్కడున్నాయో చూస్తారు. ప్రమాదాలు ఎక్కడ జరుగుతున్నాయో, దారి మధ్యలో ఎక్కడ తెగిపోయిందో గుర్తిస్తారు. అన్నిటికీ మార్కులేసి, ఎక్కువ మార్కులొచ్చిన దారికి ముందు డబ్బిస్తారు. నేను బడిపంతుల్ని కాబట్టి చెప్తున్నా, పరీక్షకు కూర్చోని పిల్లోడికి మార్కులు రావు. లెక్కలోకి ఎక్కని కాళ్ళకూ అంతే.

2011 జనాభా లెక్కల్లో, పనికి ఎట్లా పోతున్నారని అడిగినారు. సుమారు 20 కోట్ల మందిలో నాలుగున్నర కోట్ల మంది నడిచిపోతున్నారు, 2.6 కోట్ల మంది సైకిలు మీద. కార్లలో పోయేవాళ్ళు అరకోటికి కొంచెం పైన. ఒక్క కారాయనకు పదమూడు మంది మనలాంటోళ్ళు. రోడ్డు మాత్రం ఆయనది! ఇంకో సంగతి వినండి. ఆ పట్టికలో రైతుల్లేరు, వ్యవసాయ కూలీల్లేరు. "ఇతర కార్మికులు" అనే గుంపుది మాత్రమే ఆ లెక్క. కలుపుకు పోయే మా అక్క రోజూ నాలుగు మైళ్ళు నడుస్తుంది. సర్కారు కాగితంలో ఆమె అడుగు కూడా పెట్టలేదు.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసినారు, పైన సోలార్ పలకల కప్పు. నీడ బాగుంటుంది, అబద్ధమెందుకు. కానీ పొద్దున్నే డ్యూటీకి సైకిలు తొక్కే వాచ్‌మన్‌ ఇంటి ముందు నుంచి పోదే ఆ దారి. అదే మనలాంటి మెట్ట జిల్లా పుదుక్కోట్టైలో చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో లక్ష మందికి పైగా పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. ఎవరికి అవసరమో వాళ్ళతో మొదలుపెట్టినారు.

ఇంక మన గండికోట. 2024లో కేంద్రం దీని అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. పెన్నా లోయ చూసేదానికి వచ్చేవాళ్ళకు నడకదారి కావాల్సిందే, మనం వద్దనడం లేదు. వాళ్ళొస్తే మన పిల్లోళ్ళకు నాలుగు టీలు అమ్ముడుపోతాయి. నేనడిగేది ఒకటే. చుట్టుపక్కల వాడల నుంచి బడికి, చౌకదుకాణానికి, శ్మశానానికి పోయే బాటలు జాబితాలో ఎన్నో నంబరు? జమ్మలమడుగు సుమారు 15 కిలోమీటర్లు. ఆ రోడ్డు అంచున సైకిలు తొక్కే పిల్ల లారీ వస్తే ఎక్కడికి దిగాల?

మన కుర్రాళ్ళు కొందరు అంటారు, సార్, అందరికీ మోటారుసైకిళ్ళు వస్తున్నాయి, కాలిబాటలెందుకని. మీ అమ్మకు వచ్చిందా నాయినా? సుప్రీంకోర్టు 2025 మేలో, నడిచేవాళ్ళకు ఫుట్‌పాత్ 21వ అధికరణం కింద హక్కు అన్నది. సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించినారు. చట్టాలున్నాయి. మన చేతిలో లేనిది లెక్క.

అందుకని మూడు రోజులు మనమే లెక్క తీద్దాం. తెల్లవారుజామున కూలికి పోయేటప్పటి నుంచి పొద్దుగూకే దాకా, ఒక్కో దారి కాడ ఇద్దరు. పలక చాలు. నడిచేవాళ్ళకు నిలువు గీత, సైకిలుకు సున్నా, తలమీద బరువుంటే అడ్డగీత. ఆడా మగా వేరుగా. వాన పడితే నడవలేని చోట గుర్తు పెట్టండి. చదువు రాని అక్కలే దీన్ని బాగా చేస్తారు, దారి వాళ్ళకే తెలుసు. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, ఆ పలకలే తీసుకొని పోదాం.

బడి దారికి మా పిల్లకాయలు ఉన్నారు. చౌకదుకాణం కాడికి ఇద్దరు అక్కలు ఒప్పుకున్నారు. శ్మశానం బాట కాడ ఎవరు కూర్చుంటారో చెప్పండి, పేరు రాసుకుంటా.