కొత్త కరిజ్మా వచ్చేదాకా ఉన్న బండి అమ్మొద్దు



జగదల్‌పూర్‌లో మన తెలుగు కుర్రాళ్ళు ఎక్కడ కలిసినా ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అన్నా, కరిజ్మా 250 వస్తోందట కదా! ఉన్న బండి ఇప్పుడే అమ్మేయనా, ఇంకొన్నాళ్ళు ఆగనా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. అమ్మొద్దు. కంపెనీ ధర చెప్పి, బండి షోరూంకి వచ్చి, మీరు దాని మీద కూర్చుని చూసేదాకా ఉన్న బండి తాళం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్ళో దూరం నడిచే బండి అంటే సరదా వస్తువు కాదు. పెళ్ళయినా, చావు కబురైనా, పొలం పనైనా మనం సాలూరు మీదుగా విజయనగరమో విశాఖపట్నమో పోవాలి. విశాఖ దాదాపు 300 కిలోమీటర్లు. ఇటు సుక్మా, కోంటా, చింతూరు దాటి భద్రాచలం రెండు వందల పైమాటే. రాయపూర్ వైపు వెళితే కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు. కిరండూల్ రైలు ఉంది గానీ దాని వేళలకు మన అవసరాలు కుదరవు. అందుకే నడుం నొప్పి పుట్టించకుండా, గాలి గుండెకు కొట్టకుండా, వెనక మనిషినీ సామాన్నీ మోస్తూ రోజంతా పరుగెత్తే బండి కోసం ఇక్కడివాళ్ళు ఇంతగా ఎదురుచూస్తారు. ఆ కోరిక న్యాయమైనదే. దాన్ని అడ్డం పెట్టుకుని పుకార్లు అమ్మేవాళ్ళ మీదే నా కోపమంతా.

కరిజ్మా కథ తెలిస్తే ఈ పుకారు విలువ తెలుస్తుంది. హీరో హోండా కరిజ్మా 2003లో వచ్చింది. 223 సీసీ ఇంజను, 17 గుర్రాల చుట్టుపక్కల శక్తి, ముందు డిస్క్ బ్రేకు, 15 లీటర్ల ట్యాంకు. మన దేశంలో మామూలు జీతగాడు కొనగలిగిన ధరలో రోజంతా నడపగలిగిన మొదటి బళ్ళలో అదొకటి. 2009లో ఒళ్ళంతా ఫెయిరింగ్ తొడిగి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి జెడ్ఎంఆర్ తెచ్చారు. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాయి. అసలు చిక్కు అక్కడ పడింది. కరిజ్మా ఇంజను హోండాది. సొంతంగా పెద్ద ఇంజను కట్టే అనుభవం అప్పటికి హీరోకి తక్కువ. అందుకని అమెరికాలోని ఎరిక్ బ్యూయెల్ రేసింగ్‌తో చేతులు కలిపారు. ఆ కంపెనీ 2015 ఏప్రిల్‌లో దివాలా తీసింది. కొత్త కరిజ్మా వస్తుంది, వస్తుంది అన్న మాట అప్పటినుంచి ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి పాత బండి కూడా ఆగిపోయింది. వారసుడు రావడానికి 2023 ఆగస్టు 29 దాకా పట్టింది. అదే కరిజ్మా ఎక్స్ఎంఆర్, 210 సీసీ.

ఇప్పుడు 2014 ఫిబ్రవరికి రండి. గ్రేటర్ నోయిడాలో ఆటో ఎక్స్‌పో. ఆ ప్రదర్శనలో హీరో వాళ్ళు హెచ్ఎక్స్250ఆర్ అనే 250 సీసీ బండిని నిలబెట్టారు. బజాజ్ వాళ్ళు పల్సర్ పేరు మీద రెండు 400లు చూపించారు, ఒకటి ఎస్ఎస్400, రెండోది సీఎస్400. మూడూ కళ్ళముందు నిలబడ్డ నిజమైన బళ్ళే. జనం వాటి మీద చేతులేసి ఫొటోలు దిగారు. ఏమయ్యాయి? సీఎస్400 దాదాపు మూడేళ్ళకి, 2016 డిసెంబరులో, డామినార్ అన్న పేరుతో వచ్చింది. ఎస్ఎస్400 రానేలేదు. హెచ్ఎక్స్250ఆర్ కూడా రాలేదు. పల్సర్ పేరు మీద 400 తరగతి బండి దొరకడానికి 2024 మే దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ఫెయిరింగ్ లేని ఎన్ఎస్400జెడ్ రూపంలో. పదేళ్ళు! ఆ ఎస్ఎస్400 కోసం డబ్బు దాచుకుని కూర్చున్న కుర్రాడి వయసులో పదేళ్ళు పోయాయి.

చెప్పొచ్చేదేమంటే, వేదిక మీద చూపించడం వేరు, మనకి అమ్మడం వేరు. కరిజ్మా ఎక్స్ఎంఆర్ 250ని 2024 నవంబరులో ఇటలీలోని మిలాన్ ప్రదర్శనలో చూపించిన మాట నిజం. దాని పక్కనే చూపించిన ఎక్స్‌ట్రీమ్ 250ఆర్‌కి 2025 జనవరిలో ఢిల్లీలో 1 లక్షా 80 వేల ఎక్స్‌షోరూం ధర చెప్పారు. కరిజ్మాకి ఆ రోజు ధర చెప్పలేదు. మన వీధుల్లో తిరిగే మాటలన్నీ ఆ ఖాళీలోంచే పుట్టాయి. దీపావళికి అని ఒకరు, దసరాకి అని ఒకరు, షోరూంలో మా బావ చెప్పాడని ఇంకొకరు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ధరే తెలియని బండికి రంగులు కూడా ఎంచుకుని కూర్చుంటున్నారు.

మరి ఏ కబురు నమ్మాలి? వీడియోల్లో మిలమిల మెరిసే బొమ్మ కనిపిస్తే ముందు దాన్ని పెద్దది చేసి చూడండి. బ్రేకు గొట్టాలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయి? సైడ్ స్టాండు ఉందా? నంబర్ ప్లేటుకి చోటుందా? అద్దాలు, చైన్ కవరు, వెనక కూర్చునేవాళ్ళకి చీర పడకుండా అడ్డుపెట్టే గార్డు ఉన్నాయా? ఇవి లేకపోతే అది ఎవరో కంప్యూటర్‌లో గీసినది కావచ్చు. రోడ్డు మీదికి వచ్చే బండికి ఇవన్నీ ఉండి తీరాలి. నల్ల టేపు, గళ్ళ స్టిక్కర్లు అంటించుకుని రోడ్డు మీద పరీక్షకు తిరుగుతున్న బండి ఫొటో దొరికిందంటే కొంచెం నమ్మొచ్చు. కంపెనీ దాని మీద డబ్బు పెడుతోందని అర్థం. డిజైన్ రిజిస్ట్రేషన్ కాగితాలు బయటికొచ్చాయంటే మాత్రం సంబరపడకండి. ఇంకొకరు కాపీ కొట్టకుండా కంపెనీలు ఎన్నో ఆకారాలు రిజిస్టర్ చేసి పెట్టుకుంటాయి, వాటిలో కొన్నే బళ్ళవుతాయి. పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల దగ్గర టైప్ అప్రూవల్ అయిందంటే అది గట్టి మాట. అన్నిటికంటే గట్టిది ధర.

ఇంకో సంగతి. వారసుడు వచ్చినా, మనం ఊహించుకున్న వారసుడే వస్తాడన్న నమ్మకం లేదు. పై దేశాల్లో హోండా ఎస్‌టీ1300 అని వి-4 ఇంజను, షాఫ్ట్ డ్రైవ్ ఉన్న పెద్ద టూరింగ్ బండి ఉండేది. చైను బిగించే పని లేదు, నూనె పూసే పని లేదు. దాని తర్వాతి బండి కోసం యూరప్‌లో జనం చాలా ఏళ్ళు చూశారు. 2021 అక్టోబరులో హోండా ప్రకటించింది ఎన్‌టీ1100. అందులో ఆఫ్రికా ట్విన్ నుంచి తెచ్చిన రెండు సిలిండర్ల ఇంజను, మామూలు చైను. మంచి బండే. కాకపోతే ఎదురుచూసినవాళ్ళ మనసులో ఉన్నది అది కాదు.

మన కరిజ్మాకీ అదే జరిగింది. ఎక్స్ఎంఆర్ 210కి లిక్విడ్ కూలింగ్ ఉంది, 25.5 పీఎస్ శక్తి ఉంది, ఆరు గేర్లు, రెండు చక్రాలకీ ఏబీఎస్. ఘాట్ దిగేటప్పుడు ఆ ఏబీఎస్ ప్రాణం కాపాడుతుంది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ట్యాంకు 11 లీటర్లు. పాతదానికి 15. లీటరుకు 30 వేసుకున్నా పాత బండి 450 కిలోమీటర్లు పోతే కొత్తది 330 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ హైవే మీద ఇది లెక్కలోకి రాదు. సుక్మా దాటాక అడవిలో, అదీ వానాకాలం శబరి పొంగి చింతూరు దగ్గర రోడ్డు మునిగి వెనక్కి తిరిగిరావాల్సి వచ్చినప్పుడు, ఆ నాలుగు లీటర్ల విలువ తెలుస్తుంది. అందుకే 250 వస్తే అందరూ గుర్రాలు ఎన్ని అని అడుగుతారు, మీరు ట్యాంకు ఎన్ని లీటర్లని అడగండి. వెనక సీటు మీద మీ ఆవిడనో అమ్మనో కూర్చోబెట్టి, ఆవిడ పాదం ఎక్కడ ఆనుతోందో చూడండి. షోరూంవాళ్ళు విసుక్కున్నా సరే, దిగొద్దు.

సీసీల పుకార్లు విని లెక్కలు వేసేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే 40 శాతం. కాబట్టి "ఫలానా కంపెనీ 400 టూరర్ తెస్తోందట, 250కి ఇంకో పాతికవేలు కలిపితే వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ గీతకి ఇటూ అటూ పన్ను తేడాయే చాలా ఉంది.

పుకార్ల వేడిలో పాత కరిజ్మాల ధరలు కూడా పెంచి చెబుతున్నారు. కొనాలనుకుంటే ముందు ఆర్‌సీ చూడండి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. మొదటి తరం కరిజ్మాలన్నీ ఆ గడువు దాటినవే. మన ఊళ్ళో సీజీ-17 బళ్ళ పక్కనే ఆంధ్ర, ఒడిశా, తెలంగాణ నంబర్లు తిరుగుతుంటాయి. వేరే రాష్ట్రం బండి కొంటే అక్కడి ఆర్‌టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నారు. జెడ్ఎంఆర్ అయితే ఫెయిరింగ్ లోపలి ప్లాస్టిక్ క్లిప్పులు వేలితో తడిమి చూడండి. అవి విరిగిన బండి గోతుల్లో గలగలలాడుతుంది, ఆ ప్లాస్టిక్ ఇప్పుడు దొరకడం కష్టం.

కొత్త బండి నిజంగా వచ్చిందే అనుకుందాం. మొదటి నెలలోనే కొనొద్దని నా సలహా. ఒక సర్వీసు తిరిగేదాకా ఆగండి. క్లచ్ కేబులు, బ్రేక్ ప్యాడ్లు, ముందు ఫెయిరింగ్ పలక, ఈ మూడూ జగదల్‌పూర్ సర్వీస్ సెంటర్లో ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో అడగండి. రాయపూర్ నుంచి రావాలంటే ఎన్నాళ్ళో అదీ అడగండి. విశాఖలో కొంటే చౌక అనిపించొచ్చు. అప్పుడు తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద ఇక్కడికి తెచ్చి, ఇక్కడే పన్ను కట్టి నంబరు తీసుకోండి.

ఈలోగా ఉన్న బండిని చూసుకోండి. చైన్ స్ప్రాకెట్ పళ్ళు సొరచేప పళ్ళలా వాడిగా అయితే మార్చేయండి. టైరు పగుళ్ళు చూడండి. ఫోర్కు ఆయిలు ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే ఈ వారమే మార్పించండి. కొత్త బండి మీద పెట్టబోయే డబ్బులో చిన్న వంతుతో మీ పాత బండి ఇంకో రెండేళ్ళు భద్రాచలం తీసుకెళ్ళి తీసుకొస్తుంది.

ధర ప్రకటించకముందే "మీకు మొదటి బండి ఇప్పిస్తాను, ఐదు వేలు ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే షోరూం పేరు, తేదీ, బండి పేరు ఉన్న రసీదు అడగండి. రసీదూ ఇవ్వక, డబ్బూ తిరిగివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయండి.