రాత్రి భోజనం తేలికగా - క్యాబేజీతో

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా డి.ఏ. బకాయిల గురించీ, ఫ్యామిలీ పెన్షన్ గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈ రోజు నన్ను వంట గురించి మాట్లాడమన్నారు. అందులోనూ క్యాబేజీ గురించి. నవ్వకండి. ముప్పై రెండేళ్ళ పాటు సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు నుంచి ఇల్లు చేరి, ఎనిమిదికల్లా అయిదుగురికి కంచాలు పెట్టినదాన్ని. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన వయసువాళ్ళ ఇళ్ళలో రాత్రి భోజనం రెండు రకాలుగా పాడవుతోంది. పిల్లలు దూరాన ఉండి ముసలివాళ్ళిద్దరే ఉన్న ఇంట్లో "ఇప్పుడు ఎవరు వండుతారు, ఏదో ఒకటి" అని పొద్దుటి అన్నంలో ఆవకాయ కలుపుకొని, కాసిని మజ్జిగ తాగి పడుకుంటున్నారు. కొడుకు కోడలు ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వాళ్ళు తొమ్మిదింటికి వస్తారు. అప్పుడు బయటి నుంచి తెప్పించిన నూనె ఓడే తిండి పదింటికి అందరూ తింటారు. రాత్రంతా గుండెల్లో మంట.

మన సభ్యులే ఒకరు, పేరు అక్కర్లేదు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఒక రాత్రి షుగరు మాత్ర వేసుకొని, వండుకునే ఓపిక లేక టీ, రెండు బిస్కట్లతో సరిపెట్టుకున్నారు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి, స్నానాల గది గుమ్మంలో పడిపోయారు. పక్కింటివారు చప్పుడు విని వచ్చారు కాబట్టి గండం గడిచింది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు తీసుకుంటూ సరిగా తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. తేలికగా తినమని డాక్టరు చెబితే దాన్ని తినకపోవడం అని అర్థం చేసుకోకూడదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు మాట అదే.

ఇక క్యాబేజీయే ఎందుకు? పెన్షనులో అందుబాటు ధరకు దాదాపు ఏడాది పొడవునా దొరుకుతుంది. తొక్క తీసే పని లేదు. రోజూ సంచీ పట్టుకొని బజారుకు పోనక్కర్లేదు. విడదీయని గడ్డ ఫ్రిజ్‌లో రెండు వారాలైనా నిలుస్తుంది. కిలో గడ్డ ఒకటి తెస్తే, పై ఆకులు, మధ్య కాడ పోగా ఇద్దరికి వారంలో మూడు రాత్రులకు వస్తుంది.

ఇది మన దేశానికి యూరపు వాళ్ళతో వచ్చిన కూర. అందుకే మన ఇళ్ళలో చాలామంది ఈనాటికీ తద్దినం వంటలో దీన్ని వాడరు. నిజానికి ఇది ఆవాల కుటుంబానికి చెందినదే. ఆవ పెట్టిన క్యాబేజీ కూర అంత బాగా కుదరడం చూస్తే ఆ చుట్టరికం నిజమేననిపిస్తుంది.

వంద గ్రాముల పచ్చి క్యాబేజీలో 92 గ్రాముల వరకు నీరే. కేలరీలు సుమారు 25. పీచు రెండున్నర గ్రాములు ఉంటుంది కాబట్టి మలబద్ధకంతో బాధపడేవారికి మంచిది. సి విటమిన్ కూడా బాగానే ఉంది. అయితే మాంసకృత్తులు ఒక గ్రాము చిల్లర మాత్రమే. వయసు మీరేకొద్దీ కండ తరిగిపోతుంది కాబట్టి మనకు మాంసకృత్తులు తప్పనిసరి. అందువల్ల క్యాబేజీ ఒక్కటే భోజనం కాదు. దానికి పప్పో, పెరుగో, గుడ్డో జోడించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమని ఉంది. మనిషికి 125 గ్రాముల క్యాబేజీ పడితే అందులో దాదాపు మూడోవంతు రాత్రి భోజనంలోనే వచ్చేస్తుంది.

కోసే ముందు పై ఆకులు రెండు మూడు తీసేయండి. గడ్డను నాలుగు చెక్కలు చేసి, పొరల మధ్యకు నీళ్ళు పోయేలా పంపు కింద బాగా కడగండి. కడిగాకే తరగాలి. తరిగిన ముక్కలు నీళ్ళలో నానేస్తే సి విటమిన్ నీళ్ళపాలవుతుంది. క్యాబేజీ తింటే మెదడులో పురుగు చేరుతుందని కొందరు భయపడతారు. ఆకుల్లో కనిపించే పచ్చపురుగుకూ ఆ జబ్బుకూ సంబంధం లేదు. మలంతో కలుషితమైన నేల నుంచో, నీటి నుంచో బద్దెపురుగు గుడ్లు కూరగాయలకు అంటుకుంటాయి. వాటిని సరిగా కడగక పచ్చిగా తింటేనే ఆ ప్రమాదం. కడిగి వండుకునే ఇంట్లో భయం లేదు. ఇక వాసన సంగతి. ఎక్కువసేపు ఉడికేకొద్దీ గంధకపు వాసన పెరుగుతుంది. సన్నగా తరిగి త్వరగా దింపితే ఆ బాధ ఉండదు.

ఇద్దరికి సరిపడే మూడు వంటలు చెబుతాను. ఏదీ నలభై నిమిషాలు దాటదు.

మొదటిది పెసరపప్పు కూర. పావుకిలో క్యాబేజీ, 50 గ్రాముల పెసరపప్పు చాలు. ఇల్లు చేరగానే పప్పు కడిగి నానేయండి. కాళ్ళు కడుక్కొని, దీపం పెట్టి వచ్చేసరికి ఇరవై నిమిషాలు నానుతుంది. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, అల్లం పచ్చిమిర్చి ముద్ద, పప్పు, క్యాబేజీ వేయాలి. నాలుగు చిలకరింపుల నీళ్ళు చల్లి మూత పెట్టి, సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. దించాక నిమ్మరసం పిండండి. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనా నోటికి తెలియదు. బి.పి. ఉన్నవారికి ఇది పనికివచ్చే ఉపాయం. ఆవ పెట్టదలచుకుంటే ఆవపిండిని కూర దించి చల్లారాక కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది. రెండేసి పుల్కాలతో భోజనం పూర్తి. ఆ పప్పులోనే దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

రెండోది అట్టు. పిండి రుబ్బే పని లేదు, పులియబెట్టే పని లేదు. కప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, సన్నగా తరిగిన పావుకిలో క్యాబేజీ, ఒక ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, చిటికెడు వాము, ఉప్పు. నీళ్ళతో గరిటజారుగా కలిపి, పెనం మీద కాస్త మందంగా పోసి మూత పెట్టండి. సన్న సెగ మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. కప్పు పెరుగుతో తినవచ్చు. గ్యాసు తత్వం ఉన్నవారు వాము మానకూడదు.

మూడోది కుక్కరు కిచిడీ. పళ్ళు లేనివారికీ, ఒంట్లో నలతగా ఉన్నవారికీ ఇది బాగా పనికివస్తుంది. అర గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, రెండు గుప్పెళ్ళ క్యాబేజీ, నాలుగు గ్లాసుల నీళ్ళు, పసుపు, జీలకర్ర, మిరియాలు, అల్లం, చెంచా నెయ్యి. నాలుగు కూతలు రానిచ్చి, ఆవిరి దానంతటదే దిగాక మూత తీయండి.

మనవలు ముఖం తిప్పుకుంటే, గుడ్డు తినే ఇళ్ళలో క్యాబేజీని అయిదు నిమిషాలు వేయించి, రెండు గుడ్లు కొట్టి పొరటు చేసి, చపాతీలో చుట్టి ఇవ్వండి. బయట తెప్పించమని అడగరు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి మాత్రలు వాడేవారు క్యాబేజీని మానేయనక్కర్లేదు గాని, ఒక వారం అస్సలు తినకుండా మరో వారం రోజూ తినకూడదు. దీనిలోని కె విటమిన్ ఆ మందు పనిని మారుస్తుంది. ఎప్పుడూ ఒకే మోతాదుగా తింటూ, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్ ఉన్నవారు ఉడికించిన క్యాబేజీని మామూలు పాళ్ళలో తినవచ్చు. పచ్చిది రోజూ ఎక్కువగా తినడం మంచిది కాదు. కట్టుడు పళ్ళవారు సన్నగా తరిగి మెత్తగా ఉడికించుకోవాలి. షుగరు ఉన్నవారు భోజనం వేళ తప్పకూడదు.

చివరగా సోదరులకు ఒక మాట. పెద్ద పెద్ద ఫైళ్ళు నడిపినవారు మీరు. కుక్కరు మూత పెట్టడం మీకు కష్టం కాదు. మీ ఇల్లాలికి మోకాళ్ళ నొప్పులు వచ్చి ఉంటాయి. వారానికి మూడు రాత్రులు తరిగే పని మీరు తీసుకోండి. ఎప్పుడైనా ఒంటరిగా ఉండవలసి వస్తే ఆ పని తెలియడమే ఆధారం అవుతుంది. కొడుకు కోడలితో ఉన్నవారు, కోడలు వచ్చేసరికి కూర తరిగి, పప్పు నానేసి ఉంచండి. అలసిపోయి వచ్చిన పిల్లకు అంతకంటె పెద్ద సాయం లేదు. ఎనిమిదింటికి అందరూ కలిసి తింటే ఇంట్లో మాటలు కూడా సాగుతాయి.

మన సభ్యులలో ఒంటరిగా ఉన్నవారు ఎవరెవరో మనకు తెలుసు. సాయంత్రం ఏడింటికి ఒక ఫోను చేసి "భోజనం ఏం చేశారండీ" అని అడగండి. వీలైతే ఒక గిన్నె కూర పంపండి. ఈ పనికి సంఘం తీర్మానం అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టవచ్చు.